తెల్లగా విచ్చి, ఎర్రగా రాలే రాధామనోహరం

సాయంత్రం ఆరున్నర దాటాక, వీధి దీపాలు వెలిగే వేళ పాత కాలనీల్లో నడుస్తూ పోతుంటే ఎక్కడో ఒకచోట అడుగు దానంతటదే నెమ్మదిస్తుంది. ముందు వాసన తగులుతుంది. తలెత్తి చూస్తే ఎవరింటి ప్రహరీ మీంచో వీధిలోకి ఒంగిన పూలగుత్తులు కనిపిస్తాయి. ఒకే గుత్తిలో తెల్లవి, గులాబీవి, ఎర్రవి. "ఒక్క తీగకి మూడు రంగుల పూలెలా పూస్తాయి?" అని పిల్లలు అడగడం, "అది అంతే" అని పెద్దలు దాటెయ్యడం మామూలే. నిజానికి ఆ తీగ పూసేది ఒక్క తెలుపే. గులాబీవి నిన్నటివి. ఎర్రవి మొన్నటివి.

రాధామనోహరం పెంచడం కష్టమని ఎవరూ అనరు. ఒకసారి వేళ్ళూనుకుంటే నడి ఎండాకాలాన్నీ తట్టుకుంటుంది, పట్టించుకోకపోయినా గోడెక్కి కూచుంటుంది. వినిపించే ఫిర్యాదు వేరే ఉంది: "తీగ ఇల్లంతా అల్లుకుందండీ, పూలే లేవు." దానికి మందు ఎరువుల కొట్లో దొరకదు. ఈ తీగ ఎలా ఎక్కుతుంది, ఎక్కడ మొగ్గ తొడుగుతుంది, ఎప్పుడు విచ్చుకుంటుంది అన్న మూడు సంగతులు తెలిస్తే, ఎక్కడ నాటాలో, ఎప్పుడు కత్తెర పట్టాలో వాటిలోంచే తేలుతుంది.

పేరులోనే ప్రశ్న

ఇంగ్లీషులో దీన్ని రంగూన్ క్రీపర్ అంటారు. తమిళులు రంగూన్ మల్లి అంటారు, హిందీలో మధుమాలతి. కోస్తా తెలుగువాళ్ళకు రంగూన్ అనే ఊరి పేరు కొత్తది కాదు. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడలెక్కి బర్మాలో కూలికీ వ్యాపారానికీ వెళ్ళిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. గోదావరి నోట ఉన్న కోరంగి రేవు పేరు మీదే అక్కడ తెలుగువాళ్ళకి 'కోరంగీలు' అన్న పేరు స్థిరపడింది. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు ఆ తెలుగువాళ్ళలో చాలామంది అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు. తీగ మాత్రం ఒక్క రంగూన్ సొత్తు కాదు. భారతదేశం నుంచి మలేషియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, దక్షిణ చైనా దాకా వేడి, తేమ ఉన్న నేలలన్నీ దానికి పుట్టిళ్ళే.

దీని చుట్టాలు కూడా మనకు బాగా తెలిసినవే. కరక్కాయ, తానికాయ, తెల్లమద్ది, వీధుల్లో గొడుగులా పరుచుకునే బాదం చెట్టు, ఇవన్నీ రాధామనోహరం కుటుంబంలోవే. ఆ ఇంట్లో మానులే ఎక్కువ. ఇది మాత్రం తీగై గోడలు పట్టుకుంది.

పాత శాస్త్రీయ నామం మరీ విచిత్రం. 1762లో వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ దీనికి క్విస్‌క్వాలిస్ ఇండికా అన్న పేరు ఖాయం చేశాడు. లాటిన్‌లో 'క్విస్' అంటే ఎవరు, 'క్వాలిస్' అంటే ఎలాంటిది. మొక్క పేరే ఒక ప్రశ్న. ఆ ప్రశ్న లినేయస్‌ది కాదు, అంతకు చాలా ముందే ఇండోనేషియాలోని అంబోన్ దీవిలో బతికిన జార్జ్ ఎబర్‌హార్డ్ రంఫియస్‌ది. జర్మనీలో పుట్టి, డచ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో అక్కడికి చేరిన ఈయన దీవిలోని చెట్టూ చేమా అంతా పుస్తకానికి ఎక్కించాలని కూచున్నాడు. 1670లో చూపు పోయింది. 1674 భూకంపంలో భార్య, కూతురు పోయారు. 1687లో ఇల్లు తగలబడి బొమ్మలు బూడిదయ్యాయి. 1692లో రాతప్రతితో బయల్దేరిన ఓడను ఫ్రెంచివాళ్ళు ముంచేశారు. అదృష్టవశాత్తూ నకలు మిగిలింది. ఆయన 1702లో కన్నుమూశాక దాదాపు నలభై ఏళ్ళకు, 1741 నుంచి, ఆ గ్రంథం సంపుటాలుగా అచ్చయింది.

రంఫియస్‌ని తికమక పెట్టింది ఈ మొక్క నడత. మొదట పొదలా నిలువుగా, వంకరటింకరగా పెరుగుతుంది. కొన్ని నెలలకు అడుగు నుంచి మరో బలమైన కొమ్మ పుట్టి, పక్కనున్న దేన్నైనా పట్టుకుని పాకడం మొదలెడుతుంది. పూలు చూస్తే పూటకో రంగు. ఇది పొదా, తీగా? పువ్వు తెలుపా, ఎరుపా? మలయ్ భాషలో దీన్ని 'ఉదాని' అనేవారు. ఆ మాట డచ్ భాషలో 'ఎలాంటిది?' అనే మాటకు దగ్గరగా వినబడుతుంది. రంఫియస్ ఆ చమత్కారాన్నే లాటిన్‌లోకి దించాడు. ఇప్పటి వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని కాంబ్రీటం ప్రజాతిలోకి మార్చి కాంబ్రీటం ఇండికం అంటున్నారు. నర్సరీ అట్టల మీద మాత్రం పాత ప్రశ్న ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

ఆ ప్రశ్న ఈనాటి ఇంటి తోటకూ పనికొస్తుంది. కొత్తగా కొన్న మొక్క నాలుగైదు నెలలు పొదలా నిలబడితే "తీగ అడిగితే వేరే ఏదో అంటగట్టాడు" అనుకోనక్కర్లేదు. అడుగు నుంచి పొడవాటి కొమ్మ వచ్చేదాకా ఆగాలి. అదొచ్చాక అసలు తీగ మొదలైనట్టు.

ఇంకో పేరుతో కూడా కొంత గందరగోళం ఉంది. కావ్యాల్లో వినిపించే మాధవీలత ఇది కాదు. అది వేరే కుటుంబానికి చెందిన తీగ. దాని తెల్ల పూల అంచులు కుచ్చులు కుచ్చులుగా ఉంటాయి, ఒక రేకు మీద పసుపు మచ్చ ఉంటుంది, కాయకు మూడు రెక్కలు. రాధామనోహరం కాయకు అయిదు పలకలు. కాకపోతే మన పెరళ్ళలో ఇది కాయడం అరుదు కాబట్టి, పూల రంగు మారడమే తేలికైన గుర్తు.

రాత్రి డ్యూటీ, పగటి డ్యూటీ

రంగు మారడం చూడాలంటే తోటమాలి కానక్కర్లేదు, ఓ దారప్పోగు చాలు. సాయంత్రం అయిదింటికి విచ్చడానికి సిద్ధంగా ఉన్న మొగ్గ కాడకు దారం కట్టి వదిలెయ్యాలి. పొద్దు గూకే వేళకు అది విచ్చుకుంటుంది. అయిదు రేకులు, లోపల తెలుపు, వెనక లేత గులాబీ జీర. వేలి పొడవున ఉన్న సన్నని గొట్టం చివర పువ్వు ముఖం బయటికి చాపి నిలబడుతుంది. వాసన అప్పుడే ఘాటుగా ఉంటుంది. మర్నాడు పొద్దున్నకు రేకులు గులాబీ రంగుకు తిరుగుతాయి. మూడోనాటికి ఎరుపు. ఈలోగా గొట్టం బరువుకు వాలి, పువ్వు తల కిందకి వేళ్ళాడుతుంది. వాసన తగ్గిపోతుంది.

ఎందుకిన్ని వేషాలు? పువ్వు రెండు రకాల అతిథులను పిలుస్తుంది కాబట్టి. రాత్రి వచ్చేవి హాక్‌మాత్‌లు. పెద్ద రెక్కలతో, పువ్వు ముందు గాలిలోనే నిలబడి, చుట్టచుట్టుకున్న పొడవాటి నాలుకను విప్పి తేనె తాగే పురుగులివి. నందివర్ధనం ఆకులు రాత్రికి రాత్రే మాయం చేసే, తోక మీద చిన్న కొమ్ముండే ఆకుపచ్చ గొంగళిని చూసిన వాళ్ళకి ఈ జాతి పరిచయమే. నువ్వు చేలో కనబడే కొమ్ము తోక పురుగూ ఈ వంశందే. చీకట్లో ఎరుపు వాటికి కనిపించదు. తెలుపు, వాసన కనిపెడతాయి. రెండు మూడంగుళాల గొట్టం అడుగున ఉన్న తేనెకు వాటి నాలుక సరిగ్గా సరిపోతుంది.

తెల్లారాక ఆ వాసనతో పని లేదు. పగటి పూట వచ్చే తేనెటీగలకు, సీతాకోకచిలుకలకు, తేనెపిట్టలకు రంగు కావాలి. అప్పటికి పువ్వు గులాబీకి, ఎరుపుకు తిరిగి సిద్ధంగా ఉంటుంది. రేకుల్లో యాంథోసయనిన్ అనే రంగుపదార్థం పేరుకోవడమే ఈ మార్పుకు కారణం. నేరేడు పండుకి, ఎర్ర కాబేజీకి రంగిచ్చేదీ అదే జాతి పదార్థం. చైనా పరిశోధకులు ఈ తీగను గమనించి 2016లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ఆ వివరాలు ప్రచురించారు. రాత్రి హాక్‌మాత్‌లు తెల్లపూల దగ్గరికి, పగటి కీటకాలు రంగు తిరిగిన పూల దగ్గరికి చేరుతున్నాయని వాళ్ళు చూపారు. ఒక్కో పువ్వు రాత్రి డ్యూటీ ముగించి పగటి డ్యూటీలోకి దిగుతోందన్నమాట.

ఇది ఇంటి వాళ్ళకూ పనికొచ్చే కబురే. వాసన కావాలనుకుంటే తీగను సాయంత్రం కూచునే చోటికి, పడకగది కిటికీకి, వరండాకి దగ్గరగా పెట్టుకోవాలి. పగలే మనుషులు తిరిగి, రాత్రి తాళం పడే షాపు ముందు దీని సగం సొగసు వృథా. అయితే ఘాటైన పూల వాసనకు తలనొప్పి వచ్చే వాళ్ళుంటే కిటికీని ఆనుకుని కాకుండా పది అడుగుల దూరంలో నాటితే సరిపోతుంది.

ఎండ, పందిరి

ఇక "పూలే లేవు" అన్న ఫిర్యాదు దగ్గరికి వద్దాం. మొదటి కారణం నీడ. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడకపోతే రాధామనోహరం ఆకులతోనే సరిపెడుతుంది. పక్కింటి మూడంతస్తుల మేడ లేచాక పూయడం మానేసిన తీగలు పట్టణాల్లో ఎన్నో ఉంటాయి. అలాంటి చోట ఎరువు పెంచడం కన్నా, తీగను పైకి పాకించి డాబా పిట్టగోడ దాకా తీసుకెళ్ళడం మేలు. మొదలు నీడలో ఉన్నా ఫర్వాలేదు, కొసలకు ఎండ తగలాలి. పూసేది కొసలే.

రెండోది, అది ఎక్కే తీరు. కాకర, బీర లాగా దీనికి నులితీగలు ఉండవు. మల్లెలా పొదగా నిలబడనూ లేదు. దీని ఉపాయం వేరు. ఆకు రాలినప్పుడు కాడ మొదలు కొంచెం కొమ్మ మీదే మిగిలి, గట్టిపడి, కిందకి వంగిన ముల్లులా తయారవుతుంది. లేత కొమ్మ పక్కనున్న చెట్టులోకో గ్రిల్లులోకో దూరి, ఈ కొక్కేలతో తగులుకుని నిలబడుతుంది. అందుకే నున్నటి గోడ మీద దానంతటది ఎక్కలేదు. ముదురు కొమ్మను ఒట్టి చేత్తో పట్టి లాగితే అరచేయి గీరుకుంటుంది. పాత తీగతో పనిచేసేటప్పుడు తోలు గ్లవుజులు తప్పనిసరి.

పందిరి విషయంలో చాలామంది లేత తీగను చూసి మోసపోతారు. నర్సరీ కవరులో పెన్సిలంత ఉన్నది నాలుగైదేళ్ళలో మణికట్టంత లావై, ఇరవై పాతిక అడుగులు పాకి, వాన నీళ్ళు పట్టినప్పుడు విపరీతంగా బరువెక్కుతుంది. వెదురు తడికెలు, ప్లాస్టిక్ వల రెండేళ్ళకే కూలబడతాయి. ఇనుప పైపులతో వేసిన పందిరి, గేటు మీద కమాను, గోడకు అర అడుగు ఎడంగా బిగించిన గ్రిల్లు అయితే నిలుస్తాయి. ఆ అర అడుగు సందు ముఖ్యం. గాలి ఆడుతుంది, గోడ చెమ్మ పట్టదు, రంగులు వేయించే రోజున తీగను మొత్తం కొయ్యక్కర్లేదు. కరెంటు సర్వీసు వైరు, వాన నీటి గొట్టం, ఏసీ బయటి యూనిట్ దగ్గరికి మాత్రం దీన్ని రానివ్వకూడదు. వైరు మీదికి పాకిందంటే తర్వాత దింపడం ప్రమాదం.

నాటే రోజు నుంచి

మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడ్డాక నాటితే వేళ్ళు త్వరగా పట్టుకుంటాయి. నీటి వసతి ఉంటే ఫిబ్రవరిలోనూ నాటుకోవచ్చు. మొక్క కోసం నర్సరీల ఊరు కడియం దాకా వెళ్ళాల్సిన పని లేదు, ఏ ఊరి నర్సరీలోనైనా దొరుకుతుంది. అక్కడ రెండు రకాలు చూపిస్తారు: అయిదు రేకుల ఒంటి పువ్వు, రేకుల మీద రేకులుండే ముద్ద పువ్వు. ముద్ద రకం గుత్తి బరువుగా, దూరం నుంచి నిండుగా కనిపిస్తుంది. తేనెపిట్టలు, సీతాకోకచిలుకలు ఇంటికి రావాలనుకునే వాళ్ళకు ఒంటి రకం నయం. దాని గొట్టం నోరు తెరిచి ఉంటుంది.

గుంత అడుగున్నర లోతు, అంతే వెడల్పు తీస్తే చాలు. తవ్విన మట్టిలో మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ళ వేపపిండి కలిపి నింపాలి. నల్లరేగడి నేలైతే ఇసుకా కలపాలి. ఈ తీగ మట్టి రకం మీద పెద్దగా పేచీ పెట్టదు గానీ, మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళుతాయి. గోడకు రెండడుగుల ఎడంగా గుంత తియ్యాలి. పునాది పక్కన సిమెంటు పెళ్ళలు, సున్నపు మట్టి ఉంటాయి, చూరు నీడ వల్ల వాన కూడా పడదు. మొక్క నాటాక కర్ర పాతి, మొదటి పొడవాటి కొమ్మను పందిరి వైపు వాల్చి మెత్తని గుడ్డ పీలికతో వదులుగా కట్టాలి.

నీళ్ళ సంగతి సులువు. మొదటి ఏడాది వేసవిలో రోజు విడిచి రోజు, మిగతా కాలంలో మట్టి పైపొర ఆరాక పొయ్యాలి. రెండో ఏడు దాటిన తీగకు ఎండాకాలంలో వారానికి రెండు సార్లు నిండా తడిపితే చాలు. పైపైన రోజూ చిలకరించడం కన్నా అదే మేలు. మొదలు చుట్టూ ఎండుటాకులు, కొబ్బరి పీచు పరిస్తే చెమ్మ నిలుస్తుంది. పూత మీదున్నప్పుడు మొక్క వాడిపోయేంతగా ఎండగడితే మొగ్గలు రాలిపోతాయి.

ఎరువు దగ్గర అత్యాశ పనికిరాదు. పూలు లేవని యూరియా గుప్పెడు వేస్తే తీగ ఇంకా ఏపుగా ఆకులు తొడుగుతుంది. నత్రజని చేసే పని అదే. ఫిబ్రవరిలో ఒకసారి, వానలు మొదలయ్యాక ఒకసారి రెండు బుట్టల మాగిన ఎరువో నాలుగైదు కిలోల వర్మీకంపోస్టో మొదలు చుట్టూ వేసి, కొంచెం ఎముకల పొడి కలిపి మట్టి గుల్ల చేస్తే ఏడాదికి సరిపోతుంది.

కత్తెర పడితేనే పూత

రాధామనోహరం కొత్త చిగుళ్ళ కొసల్లో మొగ్గ వేస్తుంది. పాత కొమ్మ ఎంత పొడవున్నా దాని మీద పూలు రావు. ఈ ఒక్క అలవాటు తెలియక, "పాపం, పెరుగుతోంది కదా" అని జాలిపడి వదిలేసిన తీగ మూడేళ్ళకు పైన గుబురుగా, కింద బోసిగా మిగులుతుంది. లోపలంతా ఎండు పుల్లలు. పూలు ఎక్కడో అందనంత ఎత్తున నాలుగు గుత్తులు.

పెద్ద కత్తిరింపుకు తగిన అదను సంక్రాంతి దాటాక, జనవరి చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. చలికి ఎదుగుదల మందగించి, కొంత ఆకు రాలి, కొమ్మల అల్లిక స్పష్టంగా కనబడే రోజులవి. ముందు ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, లోపలికి తిరిగినవి తీసెయ్యాలి. తర్వాత అస్థిపంజరం లాంటి నాలుగైదు ముఖ్యమైన కొమ్మలను ఉంచి, పక్క కొమ్మలను రెండు మూడు కణుపులు మిగిలేలా కురచ చెయ్యాలి. మొత్తం తీగలో సగం పోయినా భయం లేదు. బోడిగా కనిపించే ఆ పందిరి మార్చి నెలకల్లా చిగురు వేస్తుంది. ఎండలు ముదిరే కొద్దీ గుత్తులు దిగి, వానాకాలమంతా విడతలు విడతలుగా పూస్తుంది.

పూత విడతల మధ్య చిన్న కత్తెర పని ఉంటుంది. ఒక గుత్తి పూర్తిగా రాలాక ఆ కొసను కిందనున్న రెండు ఆకుల జత దాకా తుంచేస్తే, అక్కడి నుంచి రెండు కొత్త కొసలు లేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం గుబురు తగ్గిద్దామని గట్టిగా కొయ్యకూడదు. పోయేది ఆ సీజను మొగ్గలే.

కత్తెర పెట్టే ముందు ఒకసారి లోపలికి తొంగి చూడాలి. ముళ్ళూ గుబురూ ఉన్న ఈ తీగ పిగిలిపిట్టలకు మంచి ఆసరా. గిన్నెలాంటి చిన్న గూడు కనిపిస్తే పిల్లలు ఎగిరేదాకా ఆ భాగం జోలికి పోకపోతే సరి. మరీ పట్టించుకోని గుబుర్లలో ఎలుకలూ చేరతాయి. ఏడాదికోసారి పలచన చెయ్యడం వల్ల ఆ బాధా తప్పుతుంది.

కుండీలో కుదురుతుందా?

కుదురుతుంది, కుండీ పెద్దదైతే. పద్దెనిమిది అంగుళాల కుండీ గానీ, సగానికి కోసిన డ్రమ్ము గానీ కావాలి. ఎర్రమట్టి, మాగిన ఎరువు సమపాళ్ళలో కలిపి, కాస్త కొబ్బరిపొట్టు చేర్చి, అడుగు రంధ్రాల మీద పెంకు ముక్కలు వెయ్యాలి. బాల్కనీ గ్రిల్లునే పందిరి చేసుకోవచ్చు. తూర్పు లేదా పడమర ముఖమైన బాల్కనీలో కూడా ఎండ లెక్క తప్పదు. కుండీలో వేళ్ళకు చోటు తక్కువ కాబట్టి వేసవిలో రోజూ నీళ్ళు పడాలి. రెండు మూడేళ్ళకోసారి ఫిబ్రవరి కత్తిరింపుతో పాటే మొక్కను బయటికి తీసి, చుట్టలు చుట్టిన వేళ్ళ అంచులు కోసి, కొత్త మట్టితో మళ్ళీ నాటాలి. డాబా మీద గాలివానకు కుండీ పడిపోకుండా పిట్టగోడకు కట్టి ఉంచడం మంచిది.

అమెరికా వెళ్ళిన తెలుగువాళ్ళలో తోట సరదా ఉన్నవాళ్ళకు ఈ కుండీ పద్ధతి మరీ అవసరం. ఫ్లోరిడా, దక్షిణ టెక్సాస్ లాంటి చోట్ల రాధామనోహరం నేలలోనే పెరుగుతుంది. ఎప్పుడైనా గడ్డకట్టే చలి వస్తే పైభాగం మాడినా, వేళ్ళు బతికుంటే వసంతంలో మళ్ళీ మొలుస్తుంది. అంతకన్నా ఉత్తరాన ఉన్నవాళ్ళు శీతాకాలం ముందు తీగను కురచగా కోసి, కుండీని లోపల కిటికీ పక్కకు చేర్చి, నీళ్ళు బాగా తగ్గించాలి.

పురుగు, చీడ

ఈ తీగకు తెగుళ్ళు తక్కువ. ఎక్కువగా కనిపించేది పిండినల్లి. లేత కొసల్లో, గుత్తి కాడల దగ్గర దూది అంటించినట్టు తెల్లగా చేరుతుంది. చీమలు బారులు తీరి పైకి పోతుంటే అనుమానించాలి. పిండినల్లి విసర్జించే తియ్యని జిగురు కోసం చీమలు వాటిని కాపాడతాయి. ముందు నీటి పైపుతో గట్టిగా కొట్టి కడగాలి. మిగిలిన వాటి మీద లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేప నూనె, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం చల్లాలి. వారం ఆగి మళ్ళీ ఒకసారి. పూలు విచ్చే గుత్తుల మీద పడకుండా చూసుకుంటే తేనెటీగలకు, హాక్‌మాత్‌లకు హాని ఉండదు. ఆకులకు చిల్లులు పెట్టే గొంగళి పురుగులు అక్కడక్కడా ఉంటే చేత్తో ఏరెయ్యడం చాలు. ఇంత పెద్ద తీగకు పది ఆకులు పోతే లెక్కలోకి రాదు.

గింజల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. చైనా వైద్యంలో వీటిని కడుపులో నులిపురుగులకు మందుగా శతాబ్దాలుగా వాడుతున్నారు. ఫిలిప్పీన్స్‌లో నియోగ్-నియోగన్ అని పిలిచే ఈ మొక్క అక్కడి ఆరోగ్యశాఖ ప్రోత్సహించిన పది మూలికల్లో ఒకటి. పండిన గింజ కొబ్బరి రుచిలో ఉంటుంది, పేరూ అందుకే. కానీ ఆ గింజలోని క్విస్‌క్వాలిక్ ఆమ్లం నాడీకణాల మీద పనిచేసే ఘాటైన పదార్థం. జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేశాక, మెదడు కణాలు ఒకదాంతో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో తెలుసుకునే ప్రయోగాల్లో ఇది చాలా కాలం ఉపయోగపడింది. మోతాదు మించితే ఎక్కిళ్ళు, వాంతులు పట్టుకుంటాయి. ఎప్పుడైనా కాయ కనబడితే పిల్లల చేతికి అందకుండా తీసెయ్యాలి. ఇంట్లో వైద్యానికి దిగకూడదు.

పూలతో ఆ బెంగ లేదు. కాడలు పొడవు కాబట్టి దారం లేకుండానే జడలా అల్లుకోవచ్చు. సాయంత్రం అల్లిన తెల్ల దండ మర్నాటికి గులాబీ అయితే అల్లిన పిల్లలకు అదో వింత.

పిలక ఇస్తారా?

గింజ దొరకడం అరుదైనా ఈ తీగ వీధి వీధికీ పాకిందంటే అది పిలకల పుణ్యమే. తల్లి తీగ మొదలుకు మూడు నాలుగడుగుల దూరంలో, ఒక్కోసారి చప్టా సందులోంచి కూడా మొలుచుకొస్తాయి. ఇదే దీని మీద ఉన్న రెండో ఫిర్యాదు కూడా. గులాబీల మడిలో, కూరగాయల పాదుల్లో తలెత్తితే పైన కోసి ఊరుకోకుండా, మట్టి తీసి వేరు దగ్గర కొయ్యాలి. పైన కోస్తే నాలుగై లేస్తుంది. చిన్న మొక్కలున్న చోటికి దూరంగా నాటడమే అసలు ఉపాయం.

కొత్త మొక్క కావాలంటే మరో రెండు దారులున్నాయి. వానాకాలంలో కిందకి ఒంగిన కొమ్మకు ఒక కణుపు దగ్గర బెరడు కొంచెం గీరి, మట్టిలో పూడ్చి, పైన రాయి పెడితే రెండు నెలల్లోపు వేళ్ళు దిగుతాయి. దీన్నే నేలంటు అంటారు. లేదంటే ఫిబ్రవరిలో కోసిన కొమ్మల్లోంచి పెన్సిలంత లావు ముక్కలు జానెడు పొడవున తీసి, ఇసుక కలిపిన మట్టిలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి నీడన ఉంచాలి. పది గుచ్చితే పదీ బతకవు, బతికినవి చాలు.

అన్నింటికన్నా నమ్మకమైనది పిలకే, తొందరపడకపోతే. లేత పిలకను పట్టి పీకితే వేరు లేని పుల్ల చేతికొస్తుంది, నాటిన వారానికి వాడుతుంది. దానికి బదులు తల్లి తీగకూ పిలకకూ మధ్య గునపం దించి వేరు తెంపి, పిలకను ఉన్న చోటే వదిలి నీళ్ళు పోస్తుండాలి. అది సొంత వేళ్ళు పెంచుకుంటుంది. తర్వాత మట్టి గడ్డతో సహా తీసి, పై ఆకులు సగం తుంచి, తడి గోనెలో చుట్టి ఇవ్వాలి. తీసుకెళ్ళిన వాళ్ళు పది రోజులు నీడన ఉంచి నాటుకోవాలి.

అందుకే వానాకాలం సాయంత్రాల్లో గేటు దగ్గర ఎవరో ఆగి, పైకి చూసి, "ఒక పిలక ఇస్తారా అండీ?" అని అడిగితే, ఇంటావిడ అప్పటికప్పుడు పీకి ఇవ్వదు. మర్నాడు పొద్దున్న ఎర్రగా రాలిన పూలు ఊడ్చాక గునపం తీస్తుంది. అడిగినావిడకు చెప్పే జవాబు మాత్రం ఆ సాయంత్రమే చెబుతుంది: "మూడు వారాలాగి రండి. ఓ గోనెసంచి తెచ్చుకోండి."